దిబ్బ ఎరువు నుంచి సంపద కేంద్రం దాకా: మాచర్ల సీమలో చెత్త విధానపు చరిత్ర

పల్నాటి పడమటి అంచున, నల్లమల కొండలకూ కృష్ణానదికీ నడుమ విస్తరించిన మాచర్ల ప్రాంతంలో కంపోస్టు చరిత్ర ప్రధానంగా ఒక శాఖ నుంచి మరొక శాఖకు చేతులు మారిన పదార్థపు చరిత్ర. ఇరవయ్యో శతాబ్దపు తొలి అర్ధభాగంలో ప్రభుత్వ వ్యవసాయ శాఖ దానిని ఎరువుగా చూసి ఇంకా ఎక్కువగా తయారు చేయించే మార్గాలు వెతికింది. ఇరవై ఒకటో శతాబ్దంలో పురపాలక, పంచాయతీరాజ్ శాఖలు అదే పదార్థాన్ని చెత్తగా చూసి కంటికి కనపడకుండా చేసే మార్గాలు వెతుకుతున్నాయి. ఈ మార్పు వల్ల కంపోస్టు కేంద్రాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంత పెంచాలి, ఎవరి డబ్బుతో నడపాలి అన్న ప్రశ్నలకు సమాధానాలు కూడా మారిపోయాయి. ప్రణాళికల్లో షెడ్డుకూ యంత్రానికీ చోటు దొరికినంత తేలికగా రైతుకు చోటు దొరకకపోవడానికి కారణం ఆ మార్పులోనే ఉంది.

నాగార్జునసాగర్ నీరు రాకముందు పల్నాడు మెట్టసీమ. శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు ఈ నేలలోని నాపరాళ్ళనూ ఇక్కడి జొన్న, సజ్జ తిండినీ ఎగతాళి చేయడం సాహిత్యాభిమానులకు తెలిసిన సంగతే. ఆ ఎగతాళిలో భౌగోళిక సత్యం లేకపోలేదు. అడుగున సున్నపురాతి పొరలు, పైన కొన్నిచోట్ల నల్లరేగడి, మరికొన్నిచోట్ల రాళ్ళు కలిసిన ఎర్రనేల, వానమీద ఆధారపడిన జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం, కంది వంటి పైర్లు ఈ సీమ వ్యవసాయానికి పునాది. వాన తక్కువైన చోట గడ్డీ చొప్పా తక్కువే కాబట్టి పశువులను ఊరి పొలిమేరలోని మేతతో మాత్రమే సాకడం సాధ్యం కాలేదు. అడవి మేత తప్పనిసరి అయింది. ఎరువు పశువుమీద, పశువు మేతమీద, మేత అడవిమీద ఆధారపడిన ఈ వరుసను గుర్తుపెట్టుకుంటేనే తరువాతి రాజకీయ చరిత్ర కూడా అర్థమవుతుంది.

ప్రతి కాపు ఇంటి దొడ్డిలోనో, ఊరి వెలుపల కల్లాల పక్కనో ఉండే పెంటదిబ్బ ఈ వ్యవస్థకు కేంద్రం. పశువుల కొట్టంలోని పేడ, మూత్రంతో తడిసిన చెత్త, పశువులు తినగా మిగిలిన చొప్పమోళ్ళు, ఇల్లూ వాకిలీ ఊడ్చిన కసువు, పొయ్యిలోని బూడిద ఏడాది పొడవునా ఆ దిబ్బమీద చేరి, వేసవిలో ఎడ్లబండ్లమీద పొలానికి చేరేవి. ఏరువాక సాగేలోపు తోలకం పూర్తి కావాలి కనుక ఎరువు అవసరం సంవత్సరంలో రెండు మూడు నెలలకే పరిమితమై ఉండేది. ఈ కాలనియమం ఇప్పటికీ మారలేదు; ఆధునిక కంపోస్టు కేంద్రాల రూపకల్పనలో దీనిని ఎంతగా విస్మరించారో తరువాత ప్రస్తావనకు వస్తుంది.

దిబ్బ ఒక్కటే ఆధారం కాదు. పొలంలో రాత్రిపూట గొర్రెల మందను నిలిపి, పెంటికలూ మూత్రమూ నేరుగా నేలలో పడేలా చేసే పద్ధతిని మంద కట్టించడం అంటారు. దానికి ప్రతిఫలంగా కాపరికి ధాన్యమో డబ్బో ముట్టేది. మాచర్ల పేరుతోనే ఒక గొర్రె జాతి జాతీయ స్థాయిలో నమోదు కావడాన్ని బట్టి ఈ ప్రాంతంలో మందల ప్రాధాన్యాన్ని ఊహించవచ్చు. వేసవిలో ఎండిన చెరువుల అడుగు మట్టిని చేలకు తోలుకునేవారు. పాడుబడిన ఊళ్ళ దిబ్బలలోని మట్టిని, అంటే తరతరాల బూడిదా పేడా ఇంటిచెత్తా కలిసి మాగిన పాటిమన్నును, తవ్వి పొలాలకు వేసుకునే అలవాటు తెలుగు జిల్లాల్లో విస్తారంగా ఉండేది. పురావస్తు శాఖవారికి ఇది బాధ కలిగించిన అలవాటే, ఎందుకంటే ఆ బండ్లలో పాత ఇటుకలూ పెంకులూ నాణేలూ కూడా తరలిపోయాయి. కానీ ఒకనాటి చెత్త మరొకనాటి ఎరువుగా తిరిగి పొలానికి చేరడమనే క్రమం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ తవ్విన నవీన శిలాయుగపు బూడిదదిబ్బలు కాలిన పేడ గుట్టలని తేలిన తరువాత, దక్కను పీఠభూమిలో పేడదిబ్బ ప్రాచీనతను గురించి వేరే వాదన అవసరం లేకపోయింది.

ఈ క్రమానికి మొదటి పెద్ద దెబ్బ అటవీ చట్టం రూపంలో వచ్చింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద అడవులను రిజర్వు చేయడంతో, అంతవరకూ అలవాటుగా సాగిన మేతకూ కట్టెలకూ ఆకుకూ అనుమతి పత్రాలూ రుసుములూ అవసరమయ్యాయి. పశువుల మేతకు తలకింత చొప్పున వసూలు చేసిన రుసుమే పుల్లరి. పుల్లరి చెల్లించలేని రైతు పశువులను తగ్గించుకోవలసి వచ్చేది, లేదా వాటిని బందెలదొడ్డి పాలు చేసుకోవలసి వచ్చేది. కట్టెపుల్లలు దొరకనప్పుడు పేడను పిడకలు చేసి పొయ్యిలో పెట్టవలసి వచ్చేది. రెండు విధాలా నష్టపోయేది దిబ్బే. ఇంగ్లండు రాయల్ అగ్రికల్చరల్ సొసైటీకి సలహాదారైన రసాయన శాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోల్కర్ 1889లో భారతదేశానికి వచ్చి, 1893లో ప్రచురించిన నివేదికలో, ఇక్కడి రైతు పేడను కాల్చడం అజ్ఞానం వల్ల కాదనీ వంటచెరకు లేకపోవడం వల్లననీ గట్టిగా చెప్పి, గ్రామాలకు కట్టెలూ మేతా అందించే వనాలను ప్రత్యేకంగా పెంచాలని సూచించాడు. ప్రభుత్వం ఆ నివేదికను భద్రపరిచింది. అటవీ శాఖ రుసుములను కూడా అంతే భద్రంగా వసూలు చేసింది.

1921లో పల్నాటిలో మొదలైన పుల్లరి వ్యతిరేకోద్యమాన్ని సహాయ నిరాకరణలో భాగంగా చదవడం రివాజు. అది సరైన పఠనమే అయినా, దాని వెనుక ఉన్నది మేత సమస్య అన్నది మరువరాదు. అధికారులకు గ్రామాల్లో నిత్యావసరాలు సైతం దొరకకుండా చేసిన సాంఘిక బహిష్కారం, పరిస్థితిని విచారించేందుకు వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ నిర్బంధం, 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు కాల్పులకు బలికావడం ఈ ఉద్యమ ఘట్టాలు. ఉన్నవ జైలులో ఉండగా రాసిన ‘మాలపల్లి’ నవల పొలంలోనూ దొడ్డిలోనూ చాకిరీ చేసే దళిత కుటుంబాన్ని తెలుగు సాహిత్యంలో నాయకస్థానంలో నిలబెట్టింది. దిబ్బను ఎత్తి బండిలో నింపి చేలో వెదజల్లిన చేతులు ఎక్కువగా ఆ కుటుంబాలవే కాబట్టి, పల్నాటి ఎరువు చరిత్రకు ఆ నవల దూరపు బంధువేమీ కాదు.

కంపోస్టు అన్నది ఒక శాస్త్రీయ ప్రక్రియగా ప్రభుత్వ పత్రాల్లోకి వచ్చింది 1930ల తరువాతే. ఇండోర్‌లోని మొక్కల పరిశోధన సంస్థలో ఆల్బర్ట్ హోవర్డ్, ఆయన సహచరుడు యశ్వంత్ వాడ్ రూపొందించి 1931లో పుస్తకంగా ప్రకటించిన పద్ధతిలో పంట వ్యర్థాలనూ పేడనూ మూత్రం నానిన మట్టినీ పొరలు పొరలుగా పేర్చి, తగినంత తేమ ఉంచి, గాలి తగిలేలా నిర్ణీత వ్యవధుల్లో తిరగేస్తే సుమారు మూడు నెలల్లో ఎరువు సిద్ధమవుతుంది. దీనికి మనుషుల శ్రమ ఎక్కువ. 1939 ప్రాంతంలో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య రూపొందించిన రెండో పద్ధతి పట్టణాలకు ఉద్దేశించినది: పొడవాటి కందకాలలో వీధిచెత్తనూ మానవ మలాన్నీ మార్చి మార్చి పరచి, పైన మట్టితో మూసివేస్తే, తిరగేసే పని లేకుండా నాలుగు నుంచి ఆరు నెలల్లో అది మాగిపోతుంది. మొదటిది గాలి ఆధారంగా బతికే సూక్ష్మజీవులతోనూ, రెండోది ఎక్కువగా గాలి అందని చోట పనిచేసే సూక్ష్మజీవులతోనూ నడుస్తుంది. ఈనాటికీ దేశంలో కంపోస్టు కేంద్రాల మధ్య ఉండే తేడాలు చాలావరకు ఈ రెండు మార్గాల మధ్య ఎంపికనుంచి పుట్టినవే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బర్మా జపాను చేతికి చిక్కి బియ్యం దిగుమతులు ఆగిపోవడంతో 1943లో మొదలైన అధికాహారోత్పత్తి ఉద్యమం పట్టణ చెత్తను ఒక్కసారిగా జాతీయ వనరుగా మార్చింది. పురపాలక సంఘాలు ఊరి వెలుపల కందకాలు తవ్వించి, తయారైన ఎరువును రైతులకు అమ్మాలని ప్రభుత్వాలు ప్రోత్సహించాయి. నేడు చెత్త గుట్టలు తప్ప ఎరువు జాడలేని స్థలాలను సైతం పురపాలక సిబ్బంది కంపోస్టు యార్డు అనే పిలవడం ఆ కాలపు వారసత్వమే. అయితే ఆ విధానం విజయవంతమైందని చెప్పుకున్న ప్రతిచోటా దాని కింద ఒక నిశ్శబ్ద నిబంధన ఉంది: మలాన్ని ఇంటినుంచి కందకం దాకా ఎవరో ఒకరు మోయాలి. కోస్తా పట్టణాల్లో ఆ పని రెల్లి, యానాది, మాదిగ కుటుంబాలమీద పడింది. 1957లో కేంద్రం నియమించిన మల్కానీ సంఘం ఈ వృత్తిలోని అమానుషత్వాన్ని వివరంగా నమోదు చేసినా, పాకీపనిని నిషేధించే చట్టం 1993 దాకా రాలేదు. దానిని మరింత కట్టుదిట్టం చేస్తూ మరో చట్టం 2013లో వచ్చింది. మలం కలిసిన కంపోస్టు ఎరువుగా ఎంత బలమైనదైనా, కులంమీద నిలిచిన ఆ రవాణా పద్ధతితో పాటు అది కూడా పోవలసిందే. సేంద్రియ స్వర్ణయుగం గురించి మాట్లాడేవారు ఈ అధ్యాయాన్ని దాటవేయడం తరచుగా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యానంతరం 1952లో ఆరంభమైన సమాజాభివృద్ధి పథకం, తరువాత 1959లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన పంచాయతీ సమితులు, ఎరువుగుంతను గ్రామసేవకుని విధుల్లో చేర్చాయి. దిబ్బను నేలమట్టానికి పైన కుప్పగా వదిలేస్తే ఎండకు నత్రజని ఆవిరైపోతుందనీ వానకు సారం కొట్టుకుపోతుందనీ, దానిని గుంతలోకి దించి మట్టితో కప్పితే రెండు నష్టాలూ తగ్గుతాయనీ ప్రచారం చేశారు. సలహా సరైనదే. పల్నాటి రాతినేలలో గుంత తవ్వడం గోదావరి ఒండ్రులో తవ్వినంత తేలిక కాదన్న సంగతి మాత్రం ఆ ప్రచారపత్రాలకు పట్టలేదు.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. అదే 1967లో విశాఖపట్నంలో కోరమండల్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. ఈ రెండు సంఘటనల కలయిక మాచర్ల ప్రాంతపు దిబ్బను చరిత్రలోకి నెట్టిందంటే అతిశయోక్తి కాదు. కుడికాలువ ఆయకట్టులో వరి, ఆ పక్కన మిరప, పత్తి విస్తరించాయి. అధిక దిగుబడి వంగడాలకు వెంటనే అందే పోషకాలు కావాలి, బస్తాలో వచ్చే కోరమండల్ వారి గ్రోమోర్ ఎరువు ఆ పని చేసింది. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతమే కాబట్టి, ఒక బస్తా యూరియా ఇచ్చే నత్రజనికి నాలుగైదు టన్నుల ఎరువు తోలవలసి వస్తుంది. నేల గుల్లదనం, తేమను నిలిపే శక్తి, సూక్ష్మపోషకాలు ఈ లెక్కలోకి రావు గనుక లెక్క ఏకపక్షంగానే తేలింది. ఆ తరువాత ట్రాక్టరు వచ్చి ఎడ్లను తొలగించింది. జొన్న తగ్గడంతో చొప్ప తగ్గింది. పత్తికట్టె, మిరపకట్టె మేతకు పనికిరావు కనుక చేలోనే కాల్చడం అలవాటైంది. చివరకు పశువుల ఎరువు ట్రక్కు లెక్కన కొనవలసిన సరుకుగా మారింది. మిరప రైతులు ఈనాటికీ దానిని దూరం నుంచి తెప్పించుకుంటున్నారంటే గిరాకీ పోలేదని, సరఫరాయే పోయిందని అర్థం.

ఇదే కాలంలో వీధిచెత్త స్వభావం మారిపోయింది. ఆకులూ కూరగాయల తొక్కలూ బూడిదా ఉన్న చోట పాలిథిన్ సంచులూ షాంపూ ప్యాకెట్లూ గాజుపెంకులూ బ్యాటరీలూ చేరాయి. ఇళ్ళలో గొడ్లు లేని కుటుంబాలకు దిబ్బ అక్కరలేదు కాబట్టి కసువు వీధిలోకీ, వీధినుంచి సైడుకాలువలోకీ చేరింది. పట్టణ కంపోస్టులో గాజుపెంకులు కాలికి గుచ్చుకున్న రైతు మళ్ళీ దానిని కొనడు. 1970ల మధ్యలో కేంద్ర సాయంతో పెద్ద నగరాల్లో నెలకొల్పిన యాంత్రిక కంపోస్టు కర్మాగారాలు చాలావరకు మూతపడటానికి ఖరీదైన విద్యుత్తు, మరమ్మతులతో పాటు ఈ కలగలుపు చెత్త కూడా ముఖ్య కారణం.

విధానం దిశ మారింది రెండు ఘటనలతో. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పట్టణ పారిశుద్ధ్యాన్ని జాతీయ చర్చలోకి తెచ్చింది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం, దానిలో భాగంగా ఏర్పడిన నిపుణుల సంఘం నివేదిక, 2000 నాటి మున్సిపల్ ఘనవ్యర్థాల నిబంధనలకు దారితీశాయి. 2003 డిసెంబరు 31 నాటికి ప్రతి పురపాలక సంఘం చెత్తను శుద్ధిచేసే ఏర్పాటు చేసుకోవాలని ఆ నిబంధనలు గడువు పెట్టాయి. ఇక్కడ గమనించవలసినది, కంపోస్టును ఆదేశించిన ఈ నిబంధనల మూలం పర్యావరణ పరిరక్షణ చట్టమే తప్ప వ్యవసాయ విధానం కాదన్నది. న్యాయస్థానం అడిగిన ప్రశ్న చెత్త ఎక్కడికి పోతున్నదని. ఎరువు ఎవరికి చేరుతున్నదని ఎవరూ అడగలేదు.

గడువుకు ముందే పని చూపిన చోట్లు లేకపోలేదు. మాచర్లకు కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న పాత నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట పురపాలక సంఘం 2003 నాటికి ఇంటింటా తడి, పొడి చెత్తను వేరుచేసి సేకరించి, తడిచెత్తను వర్మీకంపోస్టుగా మార్చి, చెత్తకుండీలు లేని పట్టణంగా దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకుంది. వర్మీకంపోస్టు అంటే సగం మాగిన సేంద్రియ పదార్థాన్ని వానపాములకు ఆహారంగా ఇచ్చి, వాటి విసర్జనను ఎరువుగా సేకరించడం. సూర్యాపేటలో యంత్రాలు తక్కువ, పర్యవేక్షణ ఎక్కువ. ఆ పర్యవేక్షణ ఒక అధికారి పట్టుదలమీద ఆధారపడినందువల్ల బదిలీల తరువాత అదే స్థాయిని నిలపడం కష్టమైంది. ఉత్తరాంధ్రలోని బొబ్బిలి కూడా ఇదే బాటలో పేరు పొందింది. తెలుగు ప్రాంతంలో కంపోస్టు కేంద్రాల చరిత్రను సాంకేతికత కన్నా సిబ్బంది స్థిరత్వం ఆధారంగా రాయడమే న్యాయం.

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్, తరువాత రాష్ట్రంలో స్వచ్ఛాంధ్ర కార్పొరేషన్, 2016 ఏప్రిల్‌లో కొత్త ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. ఈ నిబంధనలు పురపాలక సరిహద్దులు దాటి, జనగణన ప్రకారం పట్టణ లక్షణాలున్న గ్రామాలకు కూడా వర్తించాయి. మాచర్ల చుట్టుపక్కల పంచాయతీలకు చెత్త విధానం గట్టిగా చేరింది మాత్రం ఉపాధి హామీ నిధులతో కట్టిన షెడ్ల రూపంలో. వాటికి చెత్త నుంచి సంపద సృష్టించే కేంద్రాలని పేరు పెట్టారు. ఇంటింటి సేకరణకు హరిత రాయబారులను నియమించారు. షెడ్డులో తడిచెత్తకు తొట్లు, పొడిచెత్తకు గదులు, వానపాములకు బెడ్లు ఏర్పాటయ్యాయి. కొన్నిచోట్ల మహారాష్ట్రకు చెందిన నారాయణ్ పండరీపాండే పేరుమీద నాడెప్ అని పిలిచే, గోడలకు గాలి రంధ్రాలుండే ఇటుక తొట్టిని ఎంచుకున్నారు.

షెడ్డు కట్టడానికి నిధులు ఉన్నంత సులభంగా దానిని నడపడానికి నిధులు లేకపోవడం ఈ దశలోని ప్రధాన లోపం. స్వచ్ఛభారత్ గ్రామీణ రెండో దశలో ఘనవ్యర్థాల పనులకు 5000 వరకు జనాభా ఉన్న గ్రామానికి తలకు 60 రూపాయలు, అంతకుమించిన గ్రామానికి తలకు 45 రూపాయలు చొప్పున కేటాయించారు. అందులో 30 శాతాన్ని పంచాయతీ తన పదిహేనో ఆర్థిక సంఘం నిధులనుంచి భరించాలన్నారు. 4000 జనాభా ఉన్న ఊరికి ఇది మొత్తంమీద 2,40,000 రూపాయలు, అదీ ఒక్కసారికి. ఆ సొమ్ముతో ఒక బండి, కొన్ని బుట్టలు, తొట్ల మరమ్మతు సాధ్యమే. ఏళ్ళ తరబడి ఇద్దరు కార్మికుల వేతనం సాధ్యం కాదు. ఆర్థిక సంఘం నిధుల్లో పారిశుద్ధ్యానికి 30 శాతం ప్రత్యేకించినా, అదే పద్దులో మురుగుకాలువలూ మరుగుదొడ్లూ కూడా వాటా అడుగుతాయి. రాష్ట్రంలో అనేక పంచాయతీల షెడ్లు కొంతకాలం నడిచి తాళం పడటానికి కారణం ప్రజల నిర్లక్ష్యమని అధికారులు అనడం ఆనవాయితీ అయింది గానీ, జీతం బకాయిపడిన మనిషి రేపు ఉదయం బండి తోలడన్న చిన్న సంగతి ముందు ఆ వాదన నిలవదు.

2021 అక్టోబరు 2న ప్రారంభించిన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం ఈ లోటును వినియోగ రుసుముతో పూడ్చాలని చూసింది. సేవ పొందినవారే దాని ఖర్చు భరించాలన్న సూత్రం 2016 నిబంధనల్లోనే ఉంది. పట్టణాల్లో ఇంటింటికీ రంగురంగుల బుట్టలిచ్చి నెలనెలా వసూలు చేసిన ఆ రుసుము చెత్తపన్నుగా అపఖ్యాతి పొంది, ఎన్నికల అంశమై, ప్రభుత్వం మారిన తరువాత 2024లో రద్దయింది. పుల్లరి నుంచి చెత్తపన్ను దాకా తెలుగు రైతూ గృహస్థూ తమ పశువుకో తమ కసువుకో రుసుము అడిగిన ప్రభుత్వాన్ని క్షమించలేదన్నది నిజమే గానీ, రెంటినీ ఒకే గాటన కట్టరాదు. మొదటిది హక్కును అమ్మడం, రెండోది సేవకు వెల కట్టడం. సేవ సరిగా అందనిచోట ఆ తేడా ప్రజలకు కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. రద్దు తరువాత సేకరణ ఖర్చు మళ్ళీ స్థానిక సంస్థల సాధారణ నిధులమీదా ప్రభుత్వ గ్రాంట్లమీదా పడింది.

ఇటువంటి నేపథ్యంలో మాచర్ల స్థాయి పట్టణానికో, దాని చుట్టూ ఉన్న పంచాయతీల సముదాయానికో కంపోస్టు కేంద్రాన్ని విస్తరించాలంటే లెక్క ఎలా ఉంటుందో పరిశీలించవచ్చు. 2011 జనగణన నాటికి మాచర్ల జనాభా 57 వేల పైచిలుకు. చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త పుడుతుందన్న కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాల అంచనా తీసుకుంటే రోజుకు 11 నుంచి 17 టన్నులు. అందులో తడిచెత్త సుమారు సగం. మాగేటప్పుడు నీరూ కర్బనమూ ఆవిరై బరువు మూడో వంతుకు దిగుతుంది కనుక మిగిలేది రోజుకు రెండు మూడు టన్నుల ఎరువు, ఏడాదికి ఎక్కువలో ఎక్కువ వెయ్యి టన్నులు. ఎకరాకు పది టన్నుల పశువుల ఎరువు వేయాలన్న వ్యవసాయ శాఖ సాధారణ సిఫారసుతో పోలిస్తే, పట్టణమంతా కలిసి ఏడాదిలో చేసిన కంపోస్టు వంద ఎకరాలకు సరిపోతుంది. మండలంలో మిరప, పత్తి సాగవుతున్న వేల ఎకరాల ముందు ఇది సముద్రంలో కాకిరెట్ట. కాబట్టి తయారైన ఎరువుకు కొనేవారు లేరన్న మాట ఎక్కడైనా వినిపిస్తే, లోపం గిరాకీలో కాక నాణ్యతలోనో రవాణాలోనో నమ్మకంలోనో ఉందని భావించాలి.

నిబంధనలు ఆ నమ్మకానికి కొంత ఆధారం ఇచ్చాయి. కంపోస్టులో కర్బన, నత్రజనుల నిష్పత్తి 20కి మించరాదని 2016 నిబంధనలు నిర్దేశించాయి. నిష్పత్తి ఎక్కువైతే పూర్తిగా మాగలేదని అర్థం, అటువంటి ఎరువు నేలలో పడ్డాక పైరుకు అందవలసిన నత్రజనినే తాత్కాలికంగా లాగేసుకుంటుంది. కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15 దాటరాదన్న పరిమితులు బ్యాటరీలూ రంగుడబ్బాలూ కలిసిన చెత్తను దృష్టిలో పెట్టుకున్నవి. పంచాయతీ షెడ్డుకు ప్రతి విడతనూ పరీక్షకు పంపే స్తోమత లేదు. 2016 జనవరిలో కేంద్రం పట్టణ కంపోస్టుకు టన్నుకు 1500 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించి, రసాయన ఎరువుల బస్తాలతో పాటు కంపోస్టు బస్తాలనూ అమ్మవలసిందిగా కంపెనీలను ఆదేశించింది. బస్తాలో కుట్టి, ముద్ర వేసి, డీలరు దగ్గరకు చేర్చే శక్తి ఉన్న పెద్ద కర్మాగారాలకు అది పనికివచ్చినంతగా షెడ్డు పక్కన విడిగా కుప్పపోసి అమ్మే చిన్న కేంద్రాలకు పనికిరాలేదు.

విస్తరణలో రెండో చిక్కు స్థలం. 2016 నిబంధనల ప్రకారం రోజుకు ఐదు టన్నులకు మించిన సామర్థ్యం ఉంటే కేంద్రం చుట్టూ ఇతర నిర్మాణాలకు తావులేని మధ్యస్థ మండలాన్ని నిర్ణయించాలి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందాలి. మిగిలిన పనికిరాని చెత్తను పూడ్చే స్థలమైతే నదికి 100 మీటర్లు, చెరువుకూ రహదారికీ నివాసాలకూ తాగునీటి బావులకూ 200 మీటర్ల దూరంలో ఉండాలి. పంచాయతీలకు సాధారణంగా దొరికే భూమి వాగు పోరంబోకో డొంక పక్కనున్న బంజరో కనుక, ఈ కొలతలు కాగితంమీద కన్నా నేలమీద కఠినమైనవి. మాచర్ల పక్కన పారే చంద్రవంక ఎత్తిపోతల దగ్గర జలపాతమై కృష్ణలో కలుస్తుంది. వానాకాలంలో దాని పరీవాహకంలో పడిన చెత్తకు గమ్యం నదే. అడుగున ఉన్న సున్నపురాయి పగుళ్ళ గుండా నీటిని తొందరగా కిందికి పంపుతుంది గనుక, మాగుతున్న చెత్తనుంచి ఊరే లీచేట్ అనే నల్లని ద్రవం బోరునీటిలో కలవకుండా గట్టి నేలపరుపు, పైకప్పు, ఊటగుంట తప్పనిసరి. నల్లరేగడి వేసవిలో బీటలు వారి, వానలో ఉబ్బి, పలుచని సిమెంటు పరుపును ఒక్క ఏడాదిలో చీలుస్తుంది. నాపరాయి కారుచౌకగా దొరికే సీమలో పరుపుకు ఆ రాతినే ఎందుకు ఎక్కువగా వాడరో, ఒకే నమూనా పటాన్ని రాష్ట్రమంతటికీ పంపే పద్ధతిని చూస్తే తెలుస్తుంది.

మూడోది నిల్వ. చెత్త రోజూ వస్తుంది, రైతు వేసవిలోనే వస్తాడు. తడిచెత్తను పొడవాటి వరుసలుగా పోసి తిరగేయడానికి ఐదారు వారాలు, ఆ తరువాత మాగబెట్టడానికి మరికొన్ని వారాలు పట్టినా, జూలైలో సిద్ధమైన ఎరువు మళ్ళీ ఏప్రిల్ దాకా తడవకుండా ఉండాలి. అంటే ఏడాది ఉత్పత్తిలో నాలుగింట మూడు వంతులను దాచగల గోదాము కావాలి. ప్రణాళికా పత్రాలు సామర్థ్యాన్ని రోజుకు టన్నుల్లో లెక్కిస్తాయి కనుక తిరగేసే అంగణం ఎంత ఉండాలో చెబుతాయి, గోదాము ఊసెత్తవు. స్థలం చాలక సగం మాగిన కుప్పను తోసివేసి కొత్త చెత్త పోయడం, దానివల్ల నాణ్యత పడిపోవడం, రైతు వెనక్కి తగ్గడం, మిగిలిపోయిన కుప్పను చూపి మరింత పెద్ద కేంద్రం అవసరమని ప్రతిపాదించడం ఒక గొలుసుగా సాగుతాయి.

పెద్ద కేంద్రానికి ప్రత్యామ్నాయంగా కొండవీడు దగ్గర చెత్తను మండించి విద్యుత్తు తీసే కర్మాగారం పల్నాడు జిల్లాలోనే ఉంది. అయితే అది మాచర్లకు వంద కిలోమీటర్లకు పైగా రోడ్డు దూరం. పైగా నీరు నిండిన తడిచెత్త మండటానికి పనికిరాదు, లారీ కిరాయిలో సగం ఆ నీటికే పోతుంది. పొడిచెత్తను కుదించి పంపడం వరకు దానితో ప్రయోజనం ఉండవచ్చు. తడిచెత్త పుట్టినచోటే మాగాలన్నది రవాణా ఖర్చు చెప్పే తీర్పు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడటంతో పరిపాలన దగ్గరైంది. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం జరిపే స్వర్ణాంధ్ర స్వచ్ఛాంధ్ర కార్యక్రమం అదే ఏడాది సెప్టెంబరులో ముఖ్యమంత్రి సమక్షంలో మాచర్లలోనే జరిగింది. రాష్ట్రంలో పేరుకుపోయిన పాత చెత్త 85 లక్షల టన్నులని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. దానిని తవ్వి జల్లించి మట్టినీ ప్లాస్టిక్‌నూ వేరుచేసే బయోమైనింగ్ అనే ప్రక్రియకు గుత్తేదారులను నియమించింది. పాటిమన్ను తవ్వకానికి ఇది యాంత్రిక రూపమే గానీ, ఇందులో దొరికే మట్టిని భారలోహాల భయం వల్ల నేరుగా పొలానికి వేయడం కుదరదు. మరోవైపు 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఘనజీవామృతం అనే ఎరువుకు పేడను గ్రామాల్లోనే సేకరిస్తున్నది. దాని కార్యకర్తలకు ఏ రైతుకు ఎంత ఎరువు కావాలో తెలుసు. వారు వ్యవసాయ శాఖ గొడుగు కింద, సంపద కేంద్రాలు పంచాయతీరాజ్ శాఖ గొడుగు కింద ఉన్నాయి. కంపోస్టు షెడ్డు విస్తరణ ప్రతిపాదనను పంచాయతీ కార్యదర్శి, ఇంజనీరు తయారు చేస్తున్నారే తప్ప, దానిమీద మండల వ్యవసాయాధికారి సంతకం తప్పనిసరి కాదు.